వార్హోల్ గోడ వెతుక్కుంటూ క్వీన్స్‌కి

న్యూయార్క్ వెళ్లినవాళ్లు మాన్‌హాటన్ దాటరు. రోజువారీ వస్తువుల్నీ ప్రకటనల్నీ బొమ్మలుగా మార్చిన పాప్ ఆర్ట్ మీద కాస్త ఆసక్తి ఉంటే మాత్రం ఒక పూట 7 నంబర్ రైలెక్కి క్వీన్స్‌లోని ఫ్లషింగ్ మెడోస్ పార్కుకి వెళ్లండి. 1964-65 వరల్డ్స్ ఫెయిర్ అనే ప్రపంచ ప్రదర్శన జరిగింది అక్కడే. పన్నెండంతస్తుల ఎత్తు స్టీలు భూగోళం యూనిస్ఫియర్ దగ్గర సెల్ఫీల రద్దీ ఎప్పుడూ ఉండేదే. అసలు కథ పక్కనున్న న్యూయార్క్ స్టేట్ పెవిలియన్‌ది, అంటే ఆ ఫెయిర్‌లో న్యూయార్క్ రాష్ట్రం ప్రదర్శనశాలది.

దాన్ని కట్టిన ఆర్కిటెక్ట్ ఫిలిప్ జాన్సన్, అందులోని థియేటరమా అనే గుండ్రటి భవనం బయటి గోడను పదిమంది ఆర్టిస్టులకి అప్పజెప్పాడు. పాప్ ఆర్టిస్టులు లిక్టెన్‌స్టైన్, రోసెన్‌క్విస్ట్ కూడా వాళ్లలో ఉన్నారు. రాబర్ట్ ఇండియానా బల్బులతో ‘ఈట్’ అని పెట్టాడు. జనం హోటలనుకుని వస్తుంటే లైట్లు ఆర్పేయాల్సి వచ్చింది! ఆండీ వార్హోల్ అంతకంటే ఘనుడు. పోలీసులు వెతుకుతున్న పదమూడుమంది నేరస్తుల ఫొటోలు పెద్దవి చేసి గోడకెక్కించాడు. ఫెయిర్ మొదలవకముందే వాటిమీద వెండిరంగు కొట్టేశారు. ఆ నేరస్తుల్లో చాలామంది ఇటాలియన్ మూలాలవాళ్లు కావడంతో గవర్నర్ రాక్‌ఫెల్లర్‌కి ఇటాలియన్ ఓట్లు పోతాయన్న భయమని జాన్సన్ తర్వాత చెప్పాడు. సరే, ఫెయిర్ ప్రెసిడెంట్ రాబర్ట్ మోజెస్ ముఖాన్నే 25 సార్లు వేస్తానన్నాడు వార్హోల్. జాన్సన్ ఒప్పుకోలేదు. నాకైతే అదే అసలైన పాప్ ఆర్ట్ అనిపించింది.

ఆ భవనం ఇప్పుడు క్వీన్స్ థియేటర్. బొమ్మలేవీ లేవు. పెవిలియన్‌ని కూడా నేను కంచె బయటి నుంచే చూశాను, కాబట్టి కథ తెలియకుండా వెళ్తే నిరాశే.

క్వీన్స్ మ్యూజియం మాత్రం వదలొద్దు. మోజెస్ ఆ ఫెయిర్ కోసమే చేయించిన న్యూయార్క్ నమూనా ఉంది అక్కడ. వంద అడుగులు ఒక అంగుళమన్న లెక్కన నగరంలోని భవనాలన్నీ పరిచారు. చుట్టూ నడుస్తూ పైనుంచి చూస్తుంటే ఎంపైర్ స్టేట్ భవనం మోకాలెత్తు కూడా ఉండదు. వెళ్లేముందు టైమింగ్స్ చూసుకోండి, వారంలో అన్ని రోజులూ తెరవరు.

బస ఫ్లషింగ్‌లోనే చేశాం. మాన్‌హాటన్‌కంటే చవకే, కానీ గది ఇరుకు, పక్కగది టీవీ రాత్రంతా వినిపించింది. రిసెప్షన్‌లో చెప్పినా లాభం లేకపోయింది. భోజనానికి బౌన్ స్ట్రీట్‌లోని గణపతి గుడి క్యాంటీన్ ఉంది. సెల్ఫ్ సర్వీసే, దోశ కరకరలాడుతూ వచ్చింది. శని, ఆదివారాలైతే క్యూకి సిద్ధపడండి.

వార్హోల్ వేసిన సూప్ డబ్బాల బొమ్మలు 32 చూడాలంటే మాన్‌హాటన్‌లోని మోమాకి (మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్) పోవాలి. దాన్ని వేరే రోజుకి పెట్టుకోండి, ఒకేరోజులో రెండూ అంటే కాళ్లు మొరాయిస్తాయి.