గాలి ఒప్పుకుంటేనే పిట్టలు: జనవరిలో కిండర్ స్కౌట్

రోజంతా నడిస్తే కిండర్ స్కౌట్ అనే కొండ మీద మాకు కనిపించినవి ఆరు రకాల పక్షులు. లిస్టు పెంచుకునే సరదా ఉన్నవాళ్లు చలికాలంలో ఏదైనా నదీముఖానికి వెళ్లడం మేలు. బంగారు ఉల్లంకులు, కర్ల్యూలు, మెడో పిపిట్‌లు ఈ మూర్‌ల (చెట్లు లేని ఎత్తైన బీడు నేలల) మీద పిల్లల్ని పెంచేది వేసవిలోనే. చలికాలానికి చాలావరకు పల్లపు పొలాలకో సముద్రతీరానికో దిగిపోతాయి. అయినా కొండెక్కాం. ఎందుకంటే, రెడ్ గ్రౌజ్ అనే పిట్ట మాత్రం ఎక్కడికీ పోదు.

మేం వెళ్లింది ఇంగ్లండ్‌లోని పీక్ డిస్ట్రిక్ట్‌కి, ఈడేల్ అనే చిన్న ఊరికి. మాంచెస్టర్, షెఫీల్డ్ మధ్య హోప్ వ్యాలీ రైలు లైన్‌లో ఉంది. స్టేషన్ దిగి అలాగే నడక మొదలుపెట్టచ్చు, కారు అక్కర్లేదు. ఈ విషయంలో ఈడేల్‌కి నూటికి నూరు. బ్రిటన్‌లో మొదటి నేషనల్ పార్క్ ఈ పీక్ డిస్ట్రిక్టే, 1951లో ఏర్పాటు చేశారు. పెన్నైన్ వే అనే పొడవాటి కాలిబాట కూడా ఈ ఊళ్లోనే మొదలవుతుంది.

మొదటి రాత్రి ఊరికి దూరంగా ఒక హాస్టల్లో దిగాం. చవకే. కానీ బూట్లు ఆరబెట్టుకునే గదిలో హీటర్ పనిచేయలేదు, పొద్దున్నే తడి బూట్లలో కాళ్లు పెట్టాల్సి వచ్చింది. రెండో రాత్రి ఊళ్లోనే ఒక బీ అండ్ బీకి (గది, పొద్దుటి టిఫిన్ ఇచ్చే ఇల్లు) మారాం. డబ్బులు దాదాపు రెట్టింపు. అయినా అడగకముందే ఆ ఇంటావిడ మా బూట్లలో పాత పేపర్లు కుక్కి బాయిలర్ పక్కన పెట్టింది. చలికాలంలో వెళ్లేవాళ్లకి నా సలహా: గది ఎలా ఉందో తర్వాత చూసుకోవచ్చు, ముందు బూట్లు ఎక్కడ ఆరతాయో అడగండి.

జేకబ్స్ ల్యాడర్ అనే రాతిమెట్ల దారిన ఎక్కాం. పైన కిండర్ స్కౌట్, 636 మీటర్లు. చెట్టన్నది లేదు. హీదర్ పొదలు, మధ్యమధ్య పీట్ అనే నల్లటి మెత్తటి నేల, దాని మీద పరిచిన బండలు. ఈ బండల్లో చాలా వాటిని కూలగొట్టిన పాత నూలు మిల్లుల నుంచి తెచ్చి పరిచారట. బండ దిగితే మోకాలి దాకా బురద, దిగి చూశాను కాబట్టి చెబుతున్నా.

ఇక గాలి. బైనాక్యులర్స్ కళ్లకి ఆనిస్తే చేతులు వణుకుతాయి, కళ్లలో నీళ్లు కారతాయి. టెలిస్కోప్ మోసుకెళ్లడం దండగ, స్టాండ్ నిలవదు. పది రెట్ల బైనాక్యులర్స్ కంటే నా పాత ఎనిమిది రెట్లవే నయమనిపించింది, ఊపు తక్కువ తెలుస్తుంది. పెద్ద బండ చాటున కూర్చుంటే మాత్రం లోకమే మారిపోతుంది. అలా కూర్చున్న పావుగంటలోనే పదడుగుల దూరంలో గ్రౌజ్ లేచింది. మన కముజు పిట్టని రెండింతలు చేసి ఇటుకరంగు పూసినట్టుంది. కాళ్లకి వేళ్ల దాకా ఈకలే. ‘గో-బ్యాక్, గో-బ్యాక్’ అని అరుస్తూ హీదర్ మీదుగా జారిపోయింది.

“అక్కా, వెనక్కి పొమ్మంటోంది, పోదామా?” అన్నాడు మా తమ్ముడు.

ఆగస్టు 12 నుంచి డిసెంబర్ 10 దాకా వీటి వేట సీజన్. జనవరిలో తుపాకుల గొడవ ఉండదు.

కొండ కుందేలు కూడా కనిపించింది. చలికాలానికి తెల్లబడుతుంది. ఆ రోజు మంచు లేదు, నల్లటి పీట్ మీద అర కిలోమీటరు నుంచే కనిపిస్తోంది. దాక్కున్నాననే అనుకుంటోంది పాపం. 19వ శతాబ్దంలో వేట కోసం స్కాట్లండ్ నుంచి తెచ్చి వదిలిన వాటి సంతతి ఇది.

కిండర్ డౌన్‌ఫాల్ అనే జలపాతం దగ్గరికి చేరేసరికి పడమటి గాలి ఉధృతంగా ఉంది. 30 మీటర్ల జలపాతం కింద పడకుండా పొగలా పైకి లేచి మా మీద కురిసింది. జాకెట్లు తడిసి ముద్దయ్యాయి. రెండు రేవెన్‌లు మాత్రం (బొంతకాకి కన్నా బాగా పెద్దవి, గొంతు బొంగురు) ఆ గాలిలోనే పల్టీలు కొడుతున్నాయి. వాటికి ఆట, మాకు టెన్షన్. నాలుగు దాటితే వెలుగు పోతుంది, ఫోన్‌కి సిగ్నల్ లేదు. మధ్యాహ్నం ఒంటిగంటకే వెనక్కి తిరగడం ఆ రోజు మేం చేసిన మంచి పని. మ్యాపు, హెడ్‌ల్యాంప్ లేకుండా ఎక్కకండి.

మర్నాడు రైలుకి గంట టైముంటే ఊళ్లో వాగు పక్కన నిలబడ్డాం. అక్కడ గాలే లేదు. రాయి మీద ఒక డిప్పర్, తెల్ల బనీను తొడుక్కున్నట్టున్న గుండ్రటి పిట్ట, గుంజీలు తీస్తోంది. ఉన్నట్టుండి నీళ్లలోకి నడిచి మునిగి, రెండు మీటర్ల అవతల తేలింది. మళ్లీ రాయెక్కి పాట అందుకుంది, జనవరి చలిలో. రెండు రోజుల ఫొటోల్లో కదలకుండా వచ్చింది దానిదొక్కటే.