కాలింగ్ బెల్ స్విచ్‌లో దీపం ఆరిపోతే: నియానా, ఎల్‌ఈడీనా?

గేటు పక్కన బెల్ స్విచ్‌లో ఎర్రగా వెలిగే చిన్న దీపం ఆరిపోయింది, మళ్లీ అదే నియాన్ బల్బు (నియాన్ వాయువు నింపిన చిన్న గాజు బల్బు) వేయాలా, ఎల్‌ఈడీ పెట్టేయొచ్చా అని అమలాపురం నుంచి నరసాపురం దాకా చాలామంది అడుగుతున్నారు. చెక్క రౌండ్ బ్లాకు మీద బిగించిన ఆ పాత స్విచ్‌లు ఇప్పటికీ గట్టిగానే ఉంటాయి. దీపం పోయిందని స్విచ్ మొత్తం పారేయనక్కర్లేదు.

కొట్టుకు వెళ్లేముందు ఒకసారి స్విచ్ నొక్కి చూడండి. బెల్ మోగుతూ, నొక్కనప్పుడు దీపం మాత్రం వెలగకపోతే తప్పు బల్బుదో, కరెంటును తగ్గించడానికి దానికున్న రెసిస్టరుదో, వాటి తీగ కాళ్లదో. బెల్ కూడా మోగకపోతే బల్బు మార్చి లాభం లేదు. ఈ దీపం స్విచ్ రెండు టెర్మినళ్ల మధ్య ఉంటుంది, దాని కరెంటు బెల్ గుండానే తిరిగి వెళ్లాలి. బెల్ కాయిల్ కాలినా, వైరు తెగినా మంచి బల్బు కూడా ఆరిపోతుంది.

అందుకే ఏ బల్బు మేలు అన్నదానికంటే, ఎవరూ నొక్కనప్పుడు బెల్ గుండా ఎంత కరెంటు పారుతోంది అన్నదే అసలు ప్రశ్న. దాన్ని తేల్చేది బల్బు కాదు, వరసలో ఉన్న రెసిస్టరు. డింగ్ డాంగ్ అని కొట్టే కాయిల్ బెల్‌కు మిల్లీ ఆంపియరు కరెంటు లెక్కే కాదు. పాటలు పాడే ఎలక్ట్రానిక్ బెల్ సంగతి వేరు. ఆ కొద్ది కరెంటే లోపల ఛార్జీని దాచుకునే కెపాసిటర్‌ను మెల్లగా నింపుతుంది. అర్ధరాత్రి బెల్ దానంతటదే కూత పెట్టడానికీ, సన్నగా కీచుమనడానికీ చాలాసార్లు కారణం ఇదే.

కాయిల్ బెల్ ఉన్నవాళ్లకు నా ఓటు నియాన్‌కే. రేడియో, టీవీ స్పేర్ పార్టులు అమ్మే కొట్లో కాళ్లున్న చిన్న నియాన్ బల్బు, 220 కె (అంటే 220 కిలో ఓమ్‌ల) అరవాటు రెసిస్టరు అని అడగండి. నాలుగు గీతల రెసిస్టరైతే మొదటి మూడూ ఎరుపు, ఎరుపు, పసుపు. 230 వోల్టుల మీద ఇది సుమారు 0.75 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటుంది. పావువాటుది వేడిని తట్టుకున్నా వోల్టేజీకి బొటాబొటీగా ఉంటుంది, కాబట్టి అరవాటుదే తీసుకోండి. రెసిస్టరు లేకుండా బల్బును నేరుగా కలిపితే ఆ క్షణంలోనే పేలిపోవచ్చు. నియాన్‌కు ప్లస్సూ మైనస్సూ లేవు, కలపాల్సినవీ బల్బు, రెసిస్టరు రెండే. వేసవి సాయంత్రం వోల్టేజీ 180కి పడినా వెలుగుతుంది. టెస్టర్‌లో ఉండేదీ ఈ జాతి బల్బే, సైజు కుదిరితే అవసరానికి అదీ పనికొస్తుంది.

నియాన్ ఏళ్ల తరబడి వెలిగాక గాజు లోపలివైపు నల్లబడుతుంది, వెలుగు మినుకుమినుకుమంటుంది. పగలు నిలకడగా ఉండి, చిమ్మచీకట్లో మాత్రం కొట్టుకుంటుంటే అది ముసలిదైందని గుర్తు. వెలుతురు సోకితే నియాన్ తేలిగ్గా అంటుకుంటుంది, చీకట్లో మొరాయిస్తుంది.

ఎల్‌ఈడీ నల్లబడదు, తక్కువ కరెంటుకే వెలుగుతుంది. అయితే ఏసీలో వెనక్కి తిరిగే వోల్టేజీ దాన్ని చంపేస్తుంది. అందుకని కరెంటును ఒకే దిశలో పోనిచ్చే 1ఎన్4007 డయోడును ఎల్‌ఈడీ రెండు కాళ్లకే, దానికి ఎదురు దిశలో కలపాలి. ఇది మానేసి రెసిస్టరుతో సరిపెట్టినవే త్వరగా పోతాయి. ఎలక్ట్రానిక్ బెల్ అయితే ఎల్‌ఈడీనే వేయండి. ఎక్కువ వెలుగిచ్చే రకం తీసుకుని 470 కె అరవాటు రెసిస్టరు పెడితే బెల్ గుండా పారేది అర మిల్లీ ఆంపియరే. అప్పటికీ కూస్తుంటే 1 మెగ్ (1000 కె) రెసిస్టరు వేయండి, వెలుగు తగ్గినా రాత్రిపూట స్విచ్ కనిపిస్తుంది. మూత ఆకుపచ్చదైతే నియాన్ నారింజ వెలుగు దాన్ని దాటి సరిగా రాదు, అక్కడా ఆకుపచ్చ ఎల్‌ఈడీయే.

ప్యానెల్ బోర్డులకు వాడే రెడీమేడ్ 22 మి.మీ. ఇండికేటర్ వద్దు. ఇందులో పట్టదు, కరెంటూ ఎక్కువ లాగుతుంది. మాడ్యులర్ స్విచ్‌కు మారాలంటే గోడ కొట్టాలి, ఎలాగూ రంగులు వేయిస్తున్నప్పుడైతే సరే. బెల్‌కు ట్రాన్స్‌ఫార్మర్ ఉండి స్విచ్ దగ్గర 12 వోల్టులే వస్తుంటే అక్కడ నియాన్ అసలు వెలగదు.

బిగించేటప్పుడు మెయిన్ ఆపితే చాలదు. బెల్ ఇన్వర్టర్ లైను మీద ఉంటే మెయిన్ ఆపినా కరెంటు ఉంటుంది. ఇన్వర్టర్ కూడా ఆపి, రెండు టెర్మినళ్లనూ టెస్టర్‌తో చూశాకే చెయ్యి పెట్టండి. బల్బు కాళ్లను గాజు మొదట్లో వంచొద్దు, 5 మి.మీ. వదిలి వంచండి. సీలు చిట్లి గాలి దూరితే కొత్త బల్బయినా వెలగదు. రెసిస్టరు కాలును మెలేసి వదిలేయకుండా సోల్డరు చేసి, స్లీవు తొడగండి. మన ఉప్పుగాలికి ఉత్త మెలిక రెండు వానాకాలాలు నిలవడం కష్టం.

టెర్మినళ్లకు చిలుము పట్టి ఉంటే గరుకు కాగితంతో గీకి స్క్రూలు బిగించండి. చీమల గూడు ఉంటే మొత్తం దులపండి. ఆ మట్టి చెమ్మ పీల్చుకుని రెండు టెర్మినళ్లనూ కలిపేస్తే ఎంత పెద్ద రెసిస్టరు వేసినా ఎలక్ట్రానిక్ బెల్ కూస్తూనే ఉంటుంది. కాంపౌండ్ గోడ మీద ఉన్న స్విచ్‌కు వైరు కిందినుంచి రావాలి. పై అంచుకూ రెండు పక్కలకూ సిలికాన్ పూసి, నీళ్లు దిగడానికి కింది అంచు వదిలేయండి.