వైజాగ్ వైపు "పిల్లలకి సేఫ్ బీచ్" అని చూసి కాటేజీ బుక్ చేస్తున్నారా? ముందు ఇది చదవండి

దసరా సెలవులకి పిల్లలతో వైజాగ్ వెళ్లొచ్చాం. ఆ మెట్లు గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తోంది. సంక్రాంతి సెలవులకి ఎవరైనా ఇలాంటిదే చూస్తుంటే కాస్త ఆగండి.

మాకు ఆరేళ్ల బాబు, మూడేళ్ల పాప. మోకాళ్ల నొప్పులున్న మా అత్తయ్య కూడా వచ్చారు. మంగమారిపేట వైపు, భీమిలి రోడ్డులో ఒక కాటేజీ యాప్‌లో కనిపించింది. గది దిగితే ఇసుకే, పిల్లలకి సేఫ్ అని రాశారు. ఫోటోల్లో మెత్తటి ఇసుక, పిల్లలు గూళ్లు కట్టుకుంటున్నారు. రెండు రాత్రులకి 14,800 రూపాయలు, మొత్తం ముందే కట్టించుకున్నారు.

తీరా వెళ్తే గది గుట్ట మీద. కిందికి డెబ్భై దాకా మెట్లు, రెయిలింగ్ లేదు, మధ్యలో రెండు మెట్లు విరిగి ఇనుప చువ్వలు బయటికి వచ్చేశాయి. అత్తయ్య పైనే ఆగిపోయారు. అన్నీ దిగితే ఇసుక లేదు, నల్లరాళ్లు, వాటి మీద పచ్చటి నాచు, రాళ్లకి అతుక్కుని బ్లేడులా కోసే చిన్న చిన్న చిప్పలు. ఫోటోలోని బీచ్ రుషికొండదని మర్నాడు అక్కడికెళ్లాక తెలిసింది.

వచ్చాం కదా అని మా ఆయన బాబు చెయ్యి పట్టుకుని రాళ్ల మీద నాలుగడుగులు వేశారో లేదో, సందులోంచి కెరటం వాడి నడుము దాకా లేచింది, వెనక్కి పోతూ లాగిన లాగుడుకి కాలు జారి, మోకాలి నుంచి మడమ దాకా చిప్పలకి చీరుకుపోయింది. చెయ్యి వదల్లేదు కాబట్టి వాడు మాకు దక్కాడు. అటు పక్కన వల బాగుచేసుకుంటున్న పెద్దాయన పరిగెత్తుకొచ్చి "పిల్లల్ని దించకండి బాబూ, పోటు మీదుంది, లాగేస్తాది" అన్నాడు. ఆ మాట గది అద్దెకిచ్చినవాళ్లు చెప్పాలి కదా? బోర్డు లేదు, లైఫ్‌గార్డు లేడు. ఫస్ట్ ఎయిడ్ బాక్స్ అడిగితే వంటింట్లోంచి పసుపు తెచ్చిచ్చారు.

బాల్కనీ ఇంకా ఘోరం. నేను బిస్కెట్ ప్యాకెట్ విప్పేలోపే పాప రెయిలింగ్ కమ్మీల మధ్యనుంచి తల, ఒక భుజం బయటికి పెట్టేసి కాకిని పిలుస్తోంది. కింద రాళ్లు. ఆ రాత్రి బాల్కనీ తలుపుకి అడ్డంగా మంచం జరిపి పడుకున్నాం, పడుకున్నాం అనే గానీ నిద్ర ఎక్కడ.

పొద్దున్నే ఖాళీ చేస్తామంటే రూపాయి వెనక్కి రాదన్నాడు మేనేజరు. యాప్ వాళ్లని అడిగితే కాటేజీ వాళ్లనే అడగమంటారు. రుషికొండ దగ్గర వేరే గది తీసుకున్నాం. అది 2020లో బ్లూఫ్లాగ్ (శుభ్రత, భద్రత చూసి బీచ్‌లకి ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు) వచ్చిన బీచ్, ఇసుక బాగుంది, కానీ బాబు నీళ్ల దగ్గరికే రాలేదు.

ఇంటికొచ్చాక వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాం. తేలకపోతే కేసు వేస్తాం. 2019 చట్టం ప్రకారం మనం ఉండే చోటి వినియోగదారుల కమిషన్‌లోనే వెయ్యొచ్చు, వైజాగ్ దాకా తిరగక్కర్లేదు, కట్టిన డబ్బు ఐదు లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. అందుకే బుక్ చేసిన రోజే ఆ పేజీ స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి. మేం ఫిర్యాదు చేసిన రెండో రోజుకే వాళ్లు ఫోటోలు మార్చేశారు.

ఫోటోలు నమ్మకండి, వీడియో కాల్‌లో గది గుమ్మం నుంచి నీళ్ల దాకా నడిచి చూపించమనండి. చూపించనంటే వదిలేయండి. బయల్దేరే ముందు ఇన్‌కాయిస్ (సముద్రం తీరు గమనించి చెప్పే కేంద్ర ప్రభుత్వ సంస్థ) వాళ్లు ఇచ్చే అలల హెచ్చరికలు చూడండి, మన హైదరాబాద్ ప్రగతినగర్‌లోని సంస్థే అది, నాకు ఇదంతా అయ్యాకే తెలిసింది. ఇప్పటికే డబ్బు కట్టేసినవాళ్లుంటే క్యాన్సిలేషన్ గడువు దాటకముందే ఫోన్ చేసి రెండే అడగండి: మెట్లు ఎన్ని, బాల్కనీ కమ్మీల మధ్య సందు ఎంత.