‘రన్’ అంటే పరుగేనా? భీమవరంలో ఒక ఇంగ్లీషు క్లాసు గురించి

భీమవరంలో ఒక ఎరువుల కొట్టు పైన, మేడగదిలో ఒక మాస్టారు సాయంత్రాలు ఇంగ్లీషు చెప్తారు. బయట పేరు బోర్డు లేదు. హైస్కూల్లో రిటైరైన మాస్టారు. నెలకి 600 రూపాయలు, వారానికి ఐదు రోజులు, నాలుగున్నర నుంచి ఐదు ముప్పావు దాకా. రెండు నెలలు వెళ్ళాను కాబట్టి ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. వెళ్దామా వద్దా అని చూసేవాళ్ళకి పనికొస్తుంది.

నేను ఎందుకు చేరానో ముందు చెప్పాలి. మాది కాళ్ళ అనే ఊరి దగ్గర నాలుగెకరాల లీజు చెరువు, వనామీ రొయ్యలు. చెరువు పని మా ఆయన చూసుకుంటారు. బిల్లులు, మందుల డబ్బాల మీద రాతలు, యంత్రాలతో వచ్చే పుస్తకాలు నా వంతు. రెండేళ్ళ కిందట కొత్త పంపు కొన్నాం. దానితో వచ్చిన చిన్న పుస్తకం మొత్తం ఇంగ్లీషే. అందులో ఒక లైను పెద్దక్షరాల్లో ఉంది: ‘డు నాట్ రన్ ద పంప్ డ్రై’. ఫోన్లో పెట్టి చూస్తే ‘పంపును పొడిగా పరుగెత్తించవద్దు’ అని వచ్చింది. నిఘంటువు తీశాను. రన్ అంటే పరుగెత్తు, డ్రై అంటే ఆరిన, ఎండిన. ప్రతి మాటకీ అర్థం దొరికింది, లైనుకి దొరకలేదు. ఏదో జాగ్రత్త చెప్పాడులే అని పుస్తకం మూసేశాను.

అవి కాలువలకి నీళ్ళు ఆపేసే ముందు రోజులు. బోదెలో నీళ్ళు తగ్గిపోతున్నాయి. ఒక రాత్రి ఫుట్‌వాల్వు, అంటే పంపు గొట్టానికి నీళ్ళలో ఉండే కొస, నీళ్ళ పైకి తేలిపోయింది. మోటారు చప్పుడు వినపడుతోంది కదా, నీళ్ళు తోడుతోందనే అనుకున్నాం. గంట పైగా ఉత్తినే తిరిగింది. సీలు మాడిపోయింది, షెడ్డంతా రబ్బరు కాలిన వాసన. పొద్దున్నే మెకానిక్ వచ్చి పంపు విప్పుతూనే, “నీళ్ళు లేకుండా ఆడించారామ్మా?” అన్నాడు.

2,800 రూపాయలు అయింది. డబ్బు సంగతి అలా ఉంచితే, ఆ మాట నా మనసులోంచి పోలేదు. పుస్తకంలో ఉన్న లైనుకి సరైన తెలుగు అదే కదా! నీళ్ళు లేకుండా పంపు ఆడించకూడదు. నిఘంటువులో దొరకని మాట మెకానిక్ నోట్లో ఉంది.

క్లాసులో చేరిన మూడో రోజు ఈ సంగతి చెప్పాను. మాస్టారు పాఠం ఆపేసి ‘ఆడించారామ్మా’ అని బోర్డు మీద రాసి, కింద రెండు గీతలు గీశారు. “అదేనమ్మా రన్. మీ మెకానిక్‌కి తెలిసింది మన పుస్తకాల వాళ్ళకి తట్టలేదు” అన్నారు. అక్కడి నుంచి పది సాయంత్రాలు ఆ ఒక్క మాట మీదే నడిచాయి.

ఆయన మొదట చెప్పింది లెక్క. ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు 1989 ముద్రణలో అన్నిటికంటే పొడుగైన మాట ‘సెట్’ అట. ఆ క్రియకి దాదాపు 430 అర్థాలు, అది కలిసే పదబంధాలు విడిగా. వివరణ మొత్తం 60 వేల మాటలు. తర్వాత నిఘంటువు తిరగరాయడం మొదలుపెట్టి, ఎం అక్షరంతో ప్రారంభించారు. 2000లో ‘మేక్’ దాన్ని దాటింది, 2007లో ‘పుట్’ దాటింది, 2011లో ‘రన్’ వచ్చి 645 అర్థాలతో అన్నిటి పైనా కూర్చుంది. పీటర్ గిల్లివర్ అనే సంపాదకుడు ఆ ఒక్క మాట మీదే సుమారు తొమ్మిది నెలలు పనిచేశారట. అది విన్నాక నాకు ధైర్యం వచ్చింది. వాళ్ళకే తొమ్మిది నెలలు పట్టిన మాట నాకు ఒక పూటలో అర్థం కాకపోతే తప్పేముంది?

ఇక్కడే ఈ క్లాసు గొప్పదనం చెప్పాలి. 645 అర్థాలూ రాయించి బట్టీ పట్టమనలేదాయన. ఇదివరకు నేను వెళ్ళిన ఒక ఇన్‌స్టిట్యూట్‌లో అదే పని చేయించారు, మూడు నోటుపుస్తకాలు నిండాయి, ఒక్కటీ గుర్తులేదు. మాస్టారు మనం రోజూ వాడే మాటలే మన చేత చెప్పించి, వాటిలోంచి దారం లాగుతారు.

మా చెరువుల మీద టెక్నీషియన్లు ‘రన్నింగ్ మోర్టాలిటీ’ అంటారు. ఎప్పటినుంచో వింటున్నాను, రొయ్య ఈదుతూ ఈదుతూ చచ్చిపోవడం కాబోలు అనుకునేదాన్ని. కాదు. చెరువంతా ఒక్కసారి పోకుండా, ఇవాళ కొన్ని, రేపు కొన్ని, ఆగకుండా రోజూ చావు కనపడటం. ఆ మాట చెప్పగానే మా పక్కన కూర్చునే బట్టల కొట్టు అమ్మాయి, “అయితే రన్నింగ్ బ్లౌజ్ కూడా ఇదేనాండీ?” అంది. ఇదే! చీరతో తెగకుండా కలిసి వచ్చే జాకెట్టు ముక్క. వడ్రంగులు రేటు చెప్పే రన్నింగ్ ఫుట్టూ ఇదే, కాలేజీలో రాసుకునే రన్నింగ్ నోట్సూ ఇదే. తెగకుండా సాగడం అనే ఒక్క దారం పట్టుకుంటే నాలుగూ వచ్చేశాయి. చచ్చిన రొయ్యకీ చీర జాకెట్టుకీ సంబంధం ఉంటుందని నేను కలలో కూడా అనుకోలేదు.

రెండో దారం నీళ్ళది. పాత ఇంగ్లీషులో ‘రిన్నన్’ అనే మాటకి పరుగెత్తడం, పారడం రెండు అర్థాలూ ఉన్నాయట. అందుకే వాళ్ళకి కాలువ రన్ అవుతుంది, ముక్కు రన్ అవుతుంది. మనకి కాలువ పారుతుంది, ముక్కు కారుతుంది. ధవళేశ్వరం నుంచి వచ్చే నీళ్ళు తాగి పెరిగినవాళ్ళం, పారడానికీ కారడానికీ తేడా మనకి ఎవరూ నేర్పక్కర్లేదు. ఇంగ్లీషువాళ్ళు ఆ రెంటినీ ఒకే మాటతో ఎలా సర్దుకుంటారా అనిపించింది.

మూడోది యంత్రం. రైళ్ళూ ఫ్యాక్టరీలూ వచ్చాక, ఆ తర్వాత కంప్యూటర్లొచ్చాక ఈ మాటకి పని బాగా పెరిగిందని మాస్టారు అన్నారు. ఇక్కడే మన ‘ఆడు’ దానికి జోడీగా నిలబడింది. మోటారు ఆడుతుంది. మర ఆడుతుంది. వడ్లు ఆడిస్తాం, పిండి ఆడిస్తాం. సినిమా వంద రోజులు ఆడుతుంది, ఇంగ్లీషులోనూ అది రన్నే. కానీ రెండూ చివరిదాకా కలిసి నడవవు. ఊపిరి ఆడకపోతే అక్కడ రన్ పనికిరాదు. చేతిలో నాలుగు డబ్బులు ఆడుతున్నాయంటే దానికి ఇంగ్లీషులో వేరే చెప్పుకోవాల్సిందే. అలాగే వాళ్ళు హోటల్ రన్ చేస్తే మనం నడుపుతాం. అమెరికాలో ఎన్నికల్లో రన్ అవుతారు, ఇంగ్లండులో ‘స్టాండ్’ అంటారు, మనవాళ్ళూ నిలబడతారు. ఇది విని ఆ రోజు ఇంటికెళ్ళేదాకా నాలో నేను మాటలు వెతుక్కుంటూనే ఉన్నాను.

ఇంగ్లీషులోనే ఎందుకింత గందరగోళం అని ఒక కుర్రాడు అడిగాడు. మాస్టారు నా వైపు తిరిగి, “మీ రొయ్యల పట్టుబడి ఎప్పుడమ్మా?” అన్నారు. “వచ్చే వారం పడతామండీ” అన్నాను. వెంటనే బోర్డు మీద రాయడం మొదలుపెట్టారు. చెరువు పట్టడం, తుప్పు పట్టడం, ముసురు పట్టడం, గంట పట్టడం, గోడకి సున్నం పట్టకపోవడం, కొడుకు ఊరి దారి పట్టడం, ఎవరేమన్నా మనకి పట్టకపోవడం. బోర్డు నిండిపోయింది. “ఇవన్నీ నీకెవరైనా నేర్పారా?” అని ఆ కుర్రాణ్ణి అడిగారు. వాడు తల అడ్డంగా ఊపాడు. నిజంగా, వచ్చే వారం పడతాం అన్నప్పుడు ఆ మాటకి ఇన్ని పనులున్నాయని నాకు తట్టనే లేదు.

ఇక లోపాలు. గది ఇరుకు, ఒకటే ఫ్యాను. కింద కొట్టులోంచి మందుల ఘాటు పైకి వస్తుంది, తలనొప్పి ఉన్నవాళ్ళకి కష్టం. ఆడవాళ్ళకి బాత్రూమ్ సౌకర్యం లేదు. దూరం నుంచి బస్సు మీద వచ్చే నాలాంటివాళ్ళకి ఇది చిన్న విషయం కాదు. నేను రెండుసార్లు అడిగాను, ఇంకా ఏమీ చేయలేదు. అచ్చు కాగితాలు ఇవ్వరు, బోర్డు ఫొటో తీయనివ్వరు, చేత్తో రాసుకోవాల్సిందే. మాట్లాడించడం కూడా తక్కువ. ఇంటర్వ్యూ దగ్గరపడి టెన్షన్‌లో ఉన్న పిల్లలు ఇక్కడికి రావద్దు, పది సాయంత్రాలు ఒకే మాట మీద కూర్చుంటే వాళ్ళకి జరగదు. నేనూ రెండు నెలల్లో గడగడా మాట్లాడటం నేర్చుకోలేదు. కానీ మొన్న చెరువు నీళ్ళకి గాలి పట్టించే కొత్త ఏరేటర్లతో వచ్చిన పుస్తకం మొదటి పేజీ నుంచి చివరి దాకా ఒక్కదాన్నే చదివాను. ‘రన్నింగ్ అవర్స్’ దగ్గర ఆగలేదు. ‘ట్రయల్ రన్’ దగ్గర కూడా ఆగలేదు. నాలుగు జాగ్రత్తలు తెలుగులో రాసి స్టార్టరు పెట్టె తలుపుకి లోపల అంటించాను. పంపు గురించిన లైను అన్నిటికంటే పైన, మెకానిక్ చెప్పిన మాటల్లోనే ఉంది.

600కి ఇది న్యాయమైన ఫీజే. మూడో నెల డబ్బు కట్టేశాను. సోమవారం నుంచి ‘సెట్’ మొదలు. వచ్చేటప్పుడు మన ఇళ్ళల్లో ఆ మాట ఎక్కడెక్కడ తిరుగుతుందో విని రాసుకు రమ్మన్నారు. నిన్నటికి నా పుస్తకంలో పదకొండు ఉన్నాయి: కమ్మల సెట్టు, సెట్ దోశ, మా మరిదికి పెళ్ళి సంబంధం సెట్ అవ్వడం, శ్లాబు సెట్ అయ్యేదాకా దాని మీద నడవొద్దని మేస్త్రీ అనడం... ఇంకా వింటున్నాను.