హెడ్‌లైట్ల మీద టూకే క్లియర్, ఫిల్మ్, సిరామిక్: నల్గొండ ఎండల్లో వాడి చూశాక

పసుపు పట్టిన హెడ్‌లైట్లను రుద్ది శుభ్రం చేశాక మళ్ళీ మసకబారకుండా మైనం, సిరామిక్ (ద్రవంగా పూసే పలచటి పొర), ఫిల్మ్ (అతికించే పారదర్శక ప్లాస్టిక్ పొర), టూకే క్లియర్ (స్ప్రే చేసే రంగులేని పూత) నాలుగూ వేర్వేరు బండ్ల మీద వాడి చూశాం. నల్గొండ, మిర్యాలగూడ ఎండలకు గట్టిగా నిలబడింది టూకే క్లియర్. దాని తర్వాత ఫిల్మ్. మైనం, సిరామిక్ ఒంటరిగా వేస్తే మన దిక్కు ఒక ఎండాకాలం కూడా సరిగ్గా దాటలేదు.

హెడ్‌లైట్ అద్దం అంటాం గానీ అది పాలీకార్బొనేట్ ప్లాస్టిక్. కంపెనీలో దాని మీద అతినీలలోహిత కిరణాలను ఆపే గట్టి పొర ఒకటి వేస్తారు. పసుపు పట్టేది ఆ పొర చెడిపోయాకే. వాటర్ పేపర్‌తో రుద్దితే పసుపుతో పాటు ఆ పొర మిగులు కూడా పోతుంది. ఆ తర్వాత ఉన్నది ఒట్టి ప్లాస్టిక్. మెరుపు చూసి మురిసి అలాగే వదిలేస్తే కొన్ని నెలల్లో మళ్ళీ మసకే. రోడ్డు పక్కన కెటిల్‌తో ఆవిరి పట్టే పాలిష్ ఇంకా నష్టం. కెటిల్‌లో పోసే ద్రవం ప్లాస్టిక్ పైభాగాన్ని కరిగించి నున్నగా చేస్తుంది, ఎండను ఆపే పొరేమీ ఇవ్వదు. తర్వాత లోపల వెంట్రుకల్లాంటి పగుళ్ళు తేలతాయి, వాటిని రుద్ది తీయడం చాలా కష్టం. ఆ ఆవిరి పీల్చే మనిషికీ మంచిది కాదు.

టూకే అంటే క్లియర్‌కు విడిగా హార్డెనర్ అనే గట్టిపరిచే ద్రవం కలిపేది. హార్డెనర్ లేని మామూలు స్ప్రే డబ్బా క్లియర్‌తో దీన్ని పోల్చొద్దు. అది పెట్రోల్ గుడ్డ తగిలితేనే మెత్తబడుతుంది. ఎండను ఆపే గుణం ఉన్నదని డబ్బా మీద రాసి ఉన్న క్లియరే తీసుకోవాలి. కలిపే పాళ్ళు కూడా డబ్బా మీదే ఉంటాయి. రెండుకు ఒకటి రకమైతే, రెండు లైట్లకు 60 మిల్లీలీటర్ల క్లియర్, 30 హార్డెనర్, అవసరమైతే 5 థిన్నర్ సరిపోతాయి. అదీ అదే కంపెనీ థిన్నర్. కంటితో అంచనా వేసి కలపొద్దు, గీతలున్న కప్పు వాడాలి. హార్డెనర్ తక్కువైతే పొర మెత్తగా ఉండిపోతుంది, ఎక్కువైతే పెళుసుబారుతుంది.

వీలైతే లైట్లు విప్పి చేయించండి. నీళ్ళు పోస్తూ 400 నంబర్ వాటర్ పేపర్‌తో మొదలుపెట్టాలి (నంబర్ పెరిగేకొద్దీ పేపర్ నున్నన). మొదట పసుపు నీళ్ళు కారతాయి, పాత పొర మొత్తం పోయాక పాలలాంటి తెల్లటి నీళ్ళు మాత్రమే వస్తాయి. అప్పటిదాకా ఆపొద్దు. ఎక్కడైనా పాత పొర మిగిలితే పైన క్లియర్ పడగానే మ్యాపులాగా అంచులు కనిపిస్తాయి. తర్వాత 600, చివరికి 800. ఇక్కడే చాలామంది షెడ్డు వాళ్ళు 3000 దాకా రుద్ది, రబ్బింగ్ కాంపౌండ్ (మెరుపు తెచ్చే పేస్టు) కూడా పట్టించి, దాని మీద క్లియర్ కొడతారు. అంత నున్నటి ప్లాస్టిక్‌ను క్లియర్ పట్టుకోదు, ఆరు నెలలకో ఏడాదికో పొరలుగా లేస్తుంది. 800 గీతలు క్లియర్ తడికి వాటంతట అవే మాయమవుతాయి, భయం లేదు. మైనమో సిరామికో వేసేటప్పుడు మాత్రం 3000 దాకా వెళ్ళి పాలిష్ చేయాల్సిందే.

రుద్దాక, పూత కొట్టే ముందు తుడవడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడాలి. మామూలు ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్ పెయింట్ల) థిన్నర్ గుడ్డ పెట్టారంటే ప్లాస్టిక్ తెల్లబారి చిట్లుతుంది. మొదటి పూత పొగమంచులాగా పలచగా, పది నిమిషాలు ఆగి రెండోది తడిగా, మళ్ళీ పది నిమిషాలకు మూడోది. హార్డెనర్‌లో ఊపిరితిత్తులకు హాని చేసే ఐసోసైనేట్ ఉంటుంది, ముక్కుకు కర్చీఫ్ చాలదు. ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ ఉన్న మాస్కు, చేతి గ్లవుజులు, గాలి ఆడే చోటు తప్పనిసరి.

కాలం చూసుకోవాలి. ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో స్ప్రే గన్ నుంచి వచ్చిన తుంపర గాలిలోనే ఆరిపోయి ఇసుకలాగా పడుతుంది. వానాకాలం తేమకు తెల్లటి మబ్బు పట్టొచ్చు. దీపావళి తర్వాత నుంచి ఫిబ్రవరి దాకా, పొద్దుగాల నీడలో చేసిన పనే బాగా కుదిరింది. చేసిన రోజు మొత్తం ముట్టుకోవద్దు, వారం దాకా కడగొద్దు.

రెండో ఎండాకాలం తర్వాత టార్చి పక్కగా కొట్టి చూస్తే, పై అంచున, బానెట్ రబ్బరు దగ్గర సన్నటి తెల్లగీత కనిపించిన లైట్లు ఉన్నాయి. అవి బండికి ఉండగానే టేప్ వేసి కొట్టినవి. టేప్ అంచున క్లియర్ మెట్టులాగా ఆగిపోతుంది, అక్కడి నుంచే నీళ్ళు దూరి పొర లేస్తుంది. విప్పి చుట్టూ అంచు దాకా కొట్టిన లైట్లలో ఆ గీత రాలేదు.

ఫిల్మ్ మాటకొస్తే, విజయవాడ హైవే మీద టిప్పర్ల వెనక రోజూ తిరిగే బండికి అదే మేలు. దెబ్బతిన్న చోట కంకర గుర్తులు ఫిల్మ్ మీదే ఉండిపోయాయి, కింద ప్లాస్టిక్ శుభ్రంగా ఉంది. ఖర్చు ఎక్కువ, అంచుల్లో దుమ్ము నల్లగీతలాగా పడుతుంది. కొత్త క్లియర్ మీద వెంటనే అతికించొద్దు. నెల ఆగకపోతే లోపలి ద్రావకం బయటికి రాలేక బుడగలు లేస్తాయి.

సిరామిక్ పొర చాలా పలచన, ఎండను ఆపేంత మందం దానికి ఉండదు. గట్టిపడ్డ క్లియర్ మీద వేస్తే మాత్రం పురుగులు, బురద తేలిగ్గా పోతాయి. అయితే మన బోరు నీళ్ళ ఉప్పు మరకలను అది ఆపలేదు. కడిగాక ఎండలో ఆరనివ్వకుండా వెంటనే మైక్రోఫైబర్‌తో తుడవాలి. మరక పట్టినా పొడి గుడ్డతో రుద్దొద్దు, సమపాళ్ళలో నీళ్ళు కలిపిన తెల్ల వెనిగర్‌తో తడిపి, నిమిషంలో కడిగేయాలి.

60/55 వాట్ల హాలోజన్ ఉండాల్సిన చోట 100/90 బల్బు పెట్టి ఉంటే ముందు దాన్ని తీసేయండి. ఆ వేడికి లోపలి నుంచే మసక వస్తుంది, పైన ఏ పూత వేసినా ప్రయోజనం లేదు. లైట్లు విప్పి బిగించాక గోడ మీద వెలుగు ఎత్తు కూడా సరిచూసుకోండి.