పాత కార్బురేటర్ బండా, కొత్త సెన్సార్ల బండా: ఏది నడిపితే మజా?

వానాకాలం పోయి రోడ్లు ఆరడం మొదలైతే చాలు, బండి మీద ములుగు వైపు పోదామనుకునే పోరగాళ్లంతా నన్ను ఒకటే అడుగుతారు: “అన్నా, ఇంట్ల ఉన్న పాత బండినే మంచిగ చేయించుకోవాల్నా, స్క్రీను, మోడ్‌లు ఉన్న కొత్తది తీసుకోవాల్నా? ఏది నడిపితే మజా వస్తది?” మైలేజీ, ఈఎంఐ లెక్కలు ఎవరివి వాళ్లకు తెలిసినవే, వాటి జోలికి పోను. అడిగింది మజా గురించి కాబట్టి ఆ ముచ్చటే చెప్తాను.

ముందు పాత, కొత్తల మధ్య గీత గీసుకుందాం. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బండ్లన్నింటికీ ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసేది) తప్పనిసరి అయింది. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 అనే పొగ కాలుష్య నిబంధన వచ్చి, పెట్రోలును గాలితో కలిపి ఇంజన్‌కు పంపే కార్బురేటర్‌ను దాదాపుగా సాగనంపింది. అంతకు ముందువి నా లెక్కలో పాత బండ్లు: 1996లో తయారీ ఆగిపోయిన ఆర్‌ఎక్స్ 100, పోత ఇనుము ఇంజన్ బుల్లెట్, మొదటి తరాల పల్సర్లు, ఇంటింటికీ ఒకటి ఉండే స్ప్లెండర్. కొత్తవాటిలో రెండు రకాలున్నాయి. క్లాసిక్ 350, హంటర్ 350 లాంటి సాదా బండ్లు ఒక రకం. ఇంజెక్షన్ (కార్బురేటర్ బదులు కంప్యూటర్ లెక్కతో పెట్రోలు చిమ్మేది), ఏబీఎస్ ఉంటాయి, మిగతా హంగు తక్కువ. రెండోది 390 డ్యూక్, ఎన్‌ఎస్400జెడ్, హిమాలయన్ 450 లాంటి ఫుల్లు ఎలక్ట్రానిక్స్ రకం.

పాత బండిలో మజా లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. పాత బుల్లెట్‌లో ఆంపియర్ మీటర్ ముల్లును మధ్యకు తెచ్చి, ఇంజన్‌లో ఒత్తిడి తగ్గించే డీకంప్రెసర్ లీవర్ నొక్కి వదిలి, ఒక్క కిక్కుకే స్టార్ట్ చేసినవాడి మొహం చూడండి, తెలుస్తుంది. ఆర్‌ఎక్స్ 100 ఇంజన్ చూస్తే 98 సీసీయే. రేజ్ ఇచ్చిన క్షణంలో ఆ టూ స్ట్రోక్ ఇంజన్ లాగే తీరు మాత్రం వేరు. కేబుల్ లాగితే కార్బురేటర్‌లో స్లైడ్ లేస్తుంది, పెట్రోలు పోతుంది, బండి దూకుతుంది. చేతికీ ఇంజన్‌కూ మధ్య ఎవరూ ఉండరు. రైడ్ బై వైర్ ఉన్న కొత్త బండిలో నువ్వు ఎంత తిప్పావో కంప్యూటర్ చూసుకుని, ఎంత ఇవ్వాలో అది లెక్కేసి ఇస్తుంది. కొందరికి ఆ తేడా తెలియదు, తెలిసినవాళ్లకు మాత్రం మనసు పాత బండి మీదే ఉంటుంది.

అయినా నన్నడిగితే ఈ పోటీని తేల్చేది ఇంజన్ కాదు, ముందు బ్రేకు.

మనలో చాలామందికి బండి నేర్పిన బాపో, చిన్నాయనో మొదట చెప్పిన మాట “ముందు బ్రేక్ ముట్టకు, పడ్తవ్” అనే. అప్పటి బండ్లకు ఆ మాట సగం నిజం. డ్రమ్ము బ్రేకు, సన్న టైరు, రోడ్డు మీద ఇసుక. ముందు చక్రం బిగుసుకుపోతే ఇక హ్యాండిల్ ఎటు తిప్పినా లాభం లేదు, మనిషి కింద ఉంటాడు. దాంతో అందరం కుడికాలితోనే బండి ఆపడం అలవాటు చేసుకున్నాం. అసలు జరిగేదేమిటంటే, బ్రేకు పడగానే బరువు ముందుకు వాలుతుంది. ముందు టైరు నేలను గట్టిగా పట్టుకుంటుంది, వెనక టైరు తేలికై జారుతుంది. బండిని ఆపే బలం ఎక్కువగా ఉన్న బ్రేకును పక్కనపెట్టి, తక్కువ ఉన్నదాని మీద ఆధారపడ్డామన్నమాట.

ఇప్పుడు యాసంగి కోతలప్పుడు పరకాల వైపో, ములుగు వైపో పోయి చూడండి. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటితే వడ్లు తీసుకోరు. కల్లం లేని రైతుకు తారు రోడ్డే కల్లం, ఆయన్ని తప్పుపట్టడానికి లేదు. సగం రోడ్డు మీద వడ్లు, జనం తొక్కకుండా అంచున రాళ్ల వరస, చీకటి పడ్డాక వాటి మీద నల్ల టార్పాలిన్. ట్రాక్టర్లు తొక్కగా చెదిరిన గింజలు మిగతా సగంలోకి కూడా వచ్చి, టైరు కింద బేరింగ్ గోలీల్లా దొర్లుతాయి. మలుపు తిరగ్గానే ఎదురుగా లారీ, పక్కన రాళ్లు, ముందర, కాళ్లతో వడ్లు తిరగేస్తున్న మనిషి. అక్కడ కుడికాలు గట్టిగా తొక్కితే వెనక చక్రం బిగిసి బండి తోక ఊపుతుంది. భయంతో ముందు లీవర్ కూడా పిండితే అంతే సంగతులు.

ఏబీఎస్ ఉంటే ఏమవుతుంది? చక్రానికి ఉన్న పళ్ల రింగును సెన్సార్ చదువుతూ ఉంటుంది. చక్రం ఉన్నట్టుండి ఆగిపోబోతోందని తెలియగానే బ్రేకు ప్రెషర్‌ను సడలించి మళ్లీ ఇస్తుంది, ఒక్క సెకనులోనే చాలాసార్లు. వేళ్ల కింద లీవర్ టకటక కొట్టుకుంటుంది. మొదటిసారి తగిలినప్పుడు బ్రేకు పాడైందేమో అని చాలామంది లీవర్ వదిలేస్తారు, వదలొద్దు. చక్రం దొర్లుతూనే ఉంటుంది కాబట్టి హ్యాండిల్ చెప్పినట్టు వింటుంది. వడ్ల మీదా, మొరం మీదా ఏబీఎస్ ఉన్నంత మాత్రాన బండి తొందరగా ఆగదు. ఒక్కోసారి ఇంకాస్త దూరం పోతుంది కూడా. పడకుండా, పక్కకు తిప్పుకోవడానికి మాత్రం దారి ఉంటుంది.

“అన్నా, ఇది సేఫ్టీ ముచ్చట, మజాతో ఏం పని?” అని అడ్డుపడేవాళ్లు ఉంటారు. పని ఉంది. పాత బండి మీద పోతుంటే ఒక కన్ను ఎప్పుడూ నేల మీదే. ఇసుక ఉందా, వడ్లున్నాయా, బర్రె అడ్డం వస్తుందా అని ఒకటే టెన్షన్. ముందు బ్రేకు మీద నమ్మకం కుదిరాక రెండు వేళ్లు లీవర్ మీద ఊరికే ఆనించి పెట్టుకుంటాం. మలుపు రాకముందే లీవర్‌ను మెల్లగా పిండితే ముందు ఫోర్కు కొంచెం దిగుతుంది, బండి కుదురుకుంటుంది, వదిలి మలుపులోకి వాలితే చాలు. ఆ పనిలోనే ఒక ఆనందం ఉంది, కుడికాలితో ఆపేవాళ్లకు అది ఎన్నటికీ దొరకదు. తాడ్వాయి అడవిలో చుట్టూ చూస్తూ పోయేంత తీరిక కూడా అప్పుడే వస్తుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఏబీఎస్ అని స్టిక్కర్ ఉన్నవన్నీ ఒకటి కాదు. సింగిల్ చానల్ అయితే ముందు చక్రానికే, వెనకది మామూలుగానే బిగుస్తుంది. 2022లో హంటర్ 350 వచ్చినప్పుడు అందులో చౌక వేరియంట్‌కు సింగిల్ చానల్, వెనక డ్రమ్ము ఇచ్చారు, పై వేరియంట్లకు డ్యూయల్ చానల్, అంటే రెండు చక్రాలకూ. మామూలు ఏబీఎస్ బండి నిటారుగా ఉన్నప్పుడు చేసినంత మేలు మలుపులో వాలినప్పుడు చేయలేదు. అందుకు వాలు ఎంతో కొలిచే సెన్సార్‌తో కార్నరింగ్ ఏబీఎస్ కావాలి, 2023లో వచ్చిన కొత్త 390 డ్యూక్‌లో అది ఉంది. ఎలక్ట్రానిక్స్ ఎక్కువున్న బండ్ల మీద నాకు నిజంగా ఈర్ష్య కలిగేది ఈ ఒక్కచోటే.

ఇంజెక్షన్ సంగతి తొందరగా తేలుస్తాను. చలికాలం పొద్దున చోక్ గుంజి, కిక్కులు కొట్టి, ప్లగ్గు తీసి ఉప్పుకాగితంతో రుద్దే బాధ లేదు. కానీ బ్యాటరీ చచ్చిపోతే పెట్రోలు పంపు తిరగదు, తోసి స్టార్ట్ చేద్దామన్నా కుదరకపోవచ్చు. రిజర్వు నాబు లేదు. పంపు ట్యాంకులోనే ఉండి పెట్రోలుతోనే చల్లబడుతుంది కాబట్టి, అడుగంటేదాకా నడిపే మన పాత అలవాటు మానుకోవాల్సిందే. ఇప్పుడు బంకుల్లో పోసే, 20 శాతం ఇథనాల్ కలిపిన ఇ20 పెట్రోలు మాత్రం పాత బండ్లకు గిట్టేది కాదు. వాటి రబ్బరు సామాన్లు దాన్ని దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు.

స్క్రీన్లూ, మోడ్‌లూ ఆకర్షణే, కాదనను. హిమాలయన్ 450లో గుండ్రటి స్క్రీను మీద గూగుల్ మ్యాప్ కనబడుతుంటే దోస్తులంతా చుట్టూ మూగుతారు. అయితే ఆ మ్యాపు వచ్చేది మన ఫోన్ నుంచే. తాడ్వాయి, ఏటూరునాగారం అడవిలో సిగ్నల్ వచ్చిపోతుంటుంది, ముందే డౌన్‌లోడ్ చేసుకోకపోతే స్క్రీను ఉన్నా లేనట్టే. ఆ మాటకొస్తే అక్కడ మ్యాపు ఎందుకు, జాతీయ రహదారి 163 పట్టుకుంటే నేరుగా గోదావరి దాకా పోతుంది. హ్యాండిల్ మధ్యలో ఫోన్ కాల్ వస్తోందని వెలుగుతుంటే మాత్రం నాకు చిరాకు. ఫోన్ నుంచి తప్పించుకోవడానికే కదా బండి ఎక్కింది. రెయిన్ మోడ్ వానాకాలంలో పనికొస్తుంది, తడి రోడ్డు మీద వెనక చక్రం జారి గిర్రున తిరగకుండా చూసే ట్రాక్షన్ కంట్రోల్ కూడా. మిగతా మోడ్‌లు కొన్న కొత్తలో మార్చి మార్చి చూసి, తర్వాత ఒకదాని మీదే వదిలేస్తారు.

రిపేరు దగ్గర పాత బండే గెలుస్తుంది. కార్బురేటర్‌లో చెత్త పడితే ములుగులోనే కాదు, పస్రాలో చెట్టుకింద మెకానిక్ అయినా జెట్ విప్పి నోటితో ఊది బిగిస్తాడు. కొత్త బండిలో ఇంజన్ లైటు వెలిగితే అదే మెకానిక్ చేతులెత్తేస్తాడు, స్కానర్ తగిలిస్తే గానీ రోగం తెలియదు. మా దోస్తు బండి ఒకసారి ప్రెషర్ వాటర్‌తో కడిగించాక మొరాయించింది. ట్రాలీ ఆటోలో హన్మకొండ దాకా తెస్తే, చివరికి తేలింది సెన్సార్ కప్లర్‌లో తడి. ఊళ్లలో ఇళ్ల ముందు పెట్టే బండ్లకు ఇంకో శత్రువు ఉంది, వైర్లు కొరికే ఎలుక. ఈ భయాలన్నీ ఎలక్ట్రానిక్స్ పెరిగినకొద్దీ పెరుగుతాయి. సాదా రకం కొత్త బండిలో తక్కువ.

ఇక చిన్నవి. స్లిప్పర్-అసిస్ట్ క్లచ్ ఉంటే క్లచ్ లీవర్ తేలికవుతుంది, కాజీపేట నుంచి వరంగల్ చౌరస్తా దాకా ట్రాఫిక్‌లో ఎడమచేయి దండం పెడుతుంది. క్లచ్ పట్టకుండానే గేరు మార్చే క్విక్ షిఫ్టర్ సరదా, అంతే. క్రూయిజ్ కంట్రోల్ హైదరాబాద్ రోడ్డుకు సరే. లిక్విడ్ కూల్డ్ బండ్ల ఫ్యాన్ మే నెల సిగ్నళ్ల దగ్గర పిక్కలను వేయిస్తుంది. ఎలక్ట్రిక్ బండి ఊళ్లో తిరగడానికి మంచిదే, కానీ అడవి దారుల్లో చార్జింగ్ గురించి ఆలోచిస్తూ పోయేవాడికి మజా ఎక్కడిది?

నా మొగ్గు ఎటో ఈపాటికి తెలిసే ఉంటుంది: డ్యూయల్ చానల్ ఏబీఎస్, ఇంజెక్షన్, ట్యూబ్‌లెస్ టైర్లున్న సాదా బండి. డబ్బులకు కొదవ లేకపోతే కార్నరింగ్ ఏబీఎస్ ఉన్నది తీసుకోండి, స్క్రీను చూసి మాత్రం కాదు. ఇంట్లో ఆర్‌ఎక్స్ ఉంటే అమ్మకండి, ఆదివారం పొద్దున రోడ్లు ఖాళీగా ఉన్నప్పుడు భద్రకాళి గుడి దాకా పోయి రావడానికి దాన్ని మించింది లేదు. కొత్తది కొనేముందు టెస్ట్ రైడ్‌లో స్పీడు చూడటం మానేసి, వెనకా ముందూ ఎవరూ లేని పొడి రోడ్డు మీద, బండిని నిటారుగా ఉంచి, నెమ్మది స్పీడులో ముందు బ్రేకును కొద్దికొద్దిగా ఎక్కువ పిండుతూ నాలుగైదుసార్లు ఆపి చూడండి. గల్లీ చివరి దాకా పోయి వచ్చేయమనే షోరూం అయితే ఇంకో షోరూం వెతుక్కోండి.