లైక్రా సూటా, నియోప్రీన్ సూటా? ఏది మేలు?

కొత్తపట్నంలోనో మైపాడులోనో సముద్రంలో దిగేటప్పుడు మనకు సూటు సంగతే గుర్తురాదు. ఒంటి మీదున్న ప్యాంటూ చొక్కాతోనే దూకేస్తాం. అక్కడ అలలకు ఇసుక లేచి నీళ్లు మసగ్గా ఉంటాయి, మాస్క్ పెట్టుకున్నా కనిపించేది తక్కువే. అందుకే స్నార్కెలింగ్ (మాస్క్ పెట్టుకుని గొట్టంతో ఊపిరి పీలుస్తూ నీళ్ల మీద బోర్లా తేలడం) సరదా ఉన్న ఒంగోలు, నెల్లూరు కుర్రాళ్లు అండమాన్‌కో కర్ణాటకలోని నేత్రాణి దీవికో పోతారు. సూటు గొడవ అక్కడ మొదలవుతుంది.

కాటన్ టీషర్టు మాత్రం వద్దు. తడిసి బరువెక్కి చేతులు ఆడనివ్వదు.

లైక్రా అంటే సాగే గుడ్డ. ఆ సూటు పల్చన, చలికి పెద్దగా పనికిరాదు. కానీ ఎండనీ, జెల్లీఫిష్ కాట్లని చాలావరకూ, రాళ్ల గీతల్నీ ఆపుతుంది. గంటసేపు బోర్లా తేలితే వీపూ పిక్కలూ మాడతాయి, నీళ్ల చల్లదనంలో ఆ మంట తెలీదు. మొదటిసారి నేను నిక్కరుతో దిగి రెండు రాత్రులు బోర్లా పడుకున్నాను. అందుకే కాళ్లు కూడా కప్పేదే కొనండి.

నియోప్రీన్ అంటే చలిని ఆపే, సన్నటి గ్యాసు బుడగలున్న రబ్బరు. అండమాన్ నీళ్లు 28 డిగ్రీలున్నా, మన ఒళ్లు 37. గాలికంటే నీళ్లు ఒంటి వేడిని దాదాపు 25 రెట్లు వేగంగా లాగేస్తాయి కాబట్టి గంట దాటితే కొందరికి వణుకు మొదలవుతుంది. త్వరగా చలేసేవాళ్లకు 3 మిల్లీమీటర్ల మందం ఉన్నది చాలు. 5 మిల్లీమీటర్లదంటే అక్కడ రోహిణి కార్తెలో కంబళి కప్పుకున్నట్టే.

ఆ బుడగల వల్ల నియోప్రీన్ తేలుతుంది. స్నార్కెలింగ్‌కి అది హాయి (లైఫ్ జాకెట్‌కి బదులు మాత్రం కాదు). ఊపిరి బిగబట్టి కిందికి దిగే ఫ్రీడైవింగ్‌లో అదే చిక్కు. నీళ్ల పైనున్నప్పుడు కిందికి దిగనివ్వదు, నడుముకి సీసం బెల్టు కావాలి. 10 మీటర్ల లోతులో ఒత్తిడి రెట్టింపై బుడగలు నలిగిపోతాయి. అప్పుడు తేలే గుణం తగ్గుతుంది, సీసం బరువు మాత్రం అలాగే ఉంటుంది. పైకి రావడం కష్టమవుతుంది. బెల్టులో ఎంత బరువుండాలో నేర్పేవాళ్ల దగ్గర చూపించుకోకుండా ఆ సూటు కొనొద్దు.

ఫ్రీడైవింగ్ వాళ్లు మెచ్చే ఓపెన్ సెల్ రకం (లోపల గుడ్డ పొర లేని నియోప్రీన్) ఇంకా వెచ్చన, ఒంటికి అతుక్కుంటుంది. షాంపూ నీళ్లు పోసుకుంటే గానీ ఎక్కదు, గోరు తగిలితే చిరుగుతుంది.

ఏడాదికోసారి వెళ్లేవాళ్లకు నా ఓటు లైక్రాకే. చలేస్తే నియోప్రీన్ అక్కడే అద్దెకి తీసుకోవచ్చు. సొంతంగా కొన్నవాళ్లు మాత్రం మంచినీళ్లలో జాడించి నీడలో ఆరేయండి, మన డాబా మీది ఎండకి ఆ రబ్బరు పెళుసెక్కిపోతుంది.